మే నెల ఎండకు నిలిచే రేకు డబ్బా

ఎండాకాలంలో చిన్న ఊళ్ళ ఫొటో స్టూడియోలకు వెళ్తే ఒక ఏర్పాటు తరచూ కనబడుతుంది. కంప్యూటర్ డబ్బాకు ఒక పక్క రేకు ఊడదీసి గోడకు ఆనించి ఉంటుంది. లోపలి బోర్డులకు ఎదురుగా టేబుల్ ఫ్యాను ఫుల్లుగా తిరుగుతుంటుంది. మనకు పెళ్ళిళ్ళ కాలమూ ఎండలు ముదిరే కాలమూ ఒకటే. వీడియోలు ఎడిట్ చేసే పనంతా సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లోనే మీద పడుతుంది. పొద్దున చకచకా సాగిన పని మధ్యాహ్నానికి ఈడుస్తుంది. రేకు తీసి ఫ్యాను పెడితే కాస్త నయం. అప్పుడు ఎవరికైనా రావలసిన సందేహమే వస్తుంది: రేకు తీస్తేనే బాగా నడుస్తుంటే అసలు ఆ డబ్బా ఎందుకు? దాని వెనకే ఇంకో ప్రశ్న: డబ్బా ఉండక తప్పదంటే, మన బీరువాల షాపులోనే గట్టి రేకుతో ఒకటి చేయించుకోకూడదా?

చేయించుకోవచ్చు. చేయించుకుంటేనే మంచిదని నా అభిప్రాయం కూడా. బజారులో దొరికే డబ్బా మన ఊరిని దృష్టిలో పెట్టుకుని గీసింది కాదు. ఈ అధ్యాయంలో తిరుమలగిరి కోసం ఒక డబ్బా గీద్దాం. సికింద్రాబాద్ కంటోన్మెంట్ పక్కనున్న తిరుమలగిరి కాదు. సూర్యాపేట నుంచి జనగామ పోయే దారిలో, పాత నల్లగొండ జిల్లాలోని తిరుమలగిరి. ఆ నేల మన డబ్బాకు మూడు షరతులు పెడుతుంది. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ ఒకటి. చెలకల మీద నుంచి లేచే సన్నని ఎర్రదుమ్ము రెండోది. మట్టి పొర కింద త్వరగానే తగిలే నల్లరాయి మూడోది. ఈ మూడోదాన్ని డబ్బా గీసేవాళ్ళెవరూ లెక్కలోకి తీసుకోరు. నిజానికి ప్రాణం మీదికి తెచ్చేది అదే.

చల్లని గది కోసం పుట్టిన పెట్టె

తెలుగునేల మీద కంప్యూటర్లు తయారుకావడం ఇవాళ్టి సంగతి కాదు. 1967లో హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, మనం ఈసీఐఎల్ అనే సంస్థ, మొదలైంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు దాన్ని నిలబెట్టారు. హైదరాబాద్‌లోని ఏఎస్ రావు నగర్ పేరు ఆయనదే. 1969లో టీడీసీ-12, 1970లలో టీడీసీ-312, టీడీసీ-316 అనే కంప్యూటర్లు వచ్చాయి. ఆ తరం యంత్రాలు ఇనుప క్యాబినెట్లలో ఉండేవి, వాటి కోసం ప్రత్యేకంగా ఏసీ గదులు కట్టేవారు. వేడినీ దుమ్మునీ ఆపే బాధ్యత గదిది. ఇనుప పెట్టె చేయాల్సిందల్లా లోపలి సామాను కదలకుండా పట్టి ఉంచడమే.

1981లో ఐబీఎం పీసీ రావడంతో కంప్యూటర్ బల్ల మీదికి చేరింది. అప్పటికే ఇంకో చిక్కు తలెత్తింది. సెకనుకు లక్షలసార్లు వెలిగి ఆరే కరెంటు సంకేతాలు రేడియో తరంగాలను కూడా పుట్టిస్తాయి. ప్లాస్టిక్ డబ్బాల్లోని తొలి ఇంటి కంప్యూటర్లు పక్కింటి టీవీలో గీతలు తెప్పించేవి. 1979లో అమెరికా ప్రభుత్వం దీనికి హద్దులు విధించింది. లోహపు పెట్టె లోపలి తరంగాలను బయటికి రానివ్వదు, బయటివాటిని లోపలికి పోనివ్వదు. మైకేల్ ఫారడే 1836లోనే లోహపు రేకు చుట్టిన గది కట్టి, తానే లోపల కూర్చుని ఇలాంటి సంగతే నిరూపించాడు. కంప్యూటర్ డబ్బా ఇనుప రేకుదై ఉండడానికి గట్టిదనం ఒక్కటే కారణం కాదన్నమాట.

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలతల పద్ధతిని ప్రకటించింది. బోర్డు ఎంత పొడవు, మరమేకులు ఎక్కడ, వెనక కంత ఎంత అన్నవి అప్పటినుంచీ పెద్దగా మారలేదు. మనలాంటివాళ్ళకు ఇది గొప్ప వరం. ఇవాళ గీసిన డబ్బాలో పదేళ్ళ తర్వాతి బోర్డు కూడా కూర్చుంటుంది. కానీ గాలి లెక్కల మాట వేరు. 2000ల తొలి ఏళ్ళలో ఇంటెల్ డబ్బాల తయారీదారులకు ఇచ్చిన మార్గదర్శకం గదిలో వేడి 35 డిగ్రీలని అనుకుని, ప్రాసెసర్ ఫ్యానుకు అందే గాలి 38 డిగ్రీలు దాటకూడదని చెప్పింది. రేకు కప్పు కింద ఉన్న దుకాణంలో మే నెల మధ్యాహ్నపు గాలి డబ్బా గడప తొక్కకముందే ఆ హద్దు దాటిపోతుంది.

వేడి లెక్క, గాలి లెక్క

చిప్పు తీసుకున్న కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది. 100 వాట్లు తీసుకునే ప్రాసెసర్ 100 వాట్ల హీటరే. ఆ వేడిని దాని నెత్తిన ఉన్న అల్యూమినియం రెక్కలు చుట్టూ ఉన్న గాలికి అందిస్తాయి. ఒకే పని, ఒకే ఫ్యాను వేగం అయితే, చిప్పుకూ దాని చుట్టూ ఉన్న గాలికీ మధ్య వేడి తేడా దాదాపు స్థిరంగా ఉంటుంది. ఆ తేడా 50 డిగ్రీలనుకుందాం. 25 డిగ్రీల గాలిలో చిప్పు 75 దగ్గర నిలుస్తుంది. 44 డిగ్రీల గాలిలో 94 దగ్గర నిలుస్తుంది. చాలా ప్రాసెసర్లకు హద్దు 95 నుంచి 100 డిగ్రీలు. అక్కడికి చేరగానే చిప్పు మాడిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం పని ఈడ్వడానికి కారణం ఇదే.

ఇప్పుడు డబ్బా పాత్ర చూద్దాం. లోపలి గాలి సరిగ్గా మారకపోతే అది గది గాలికన్నా పది డిగ్రీలు వేడెక్కవచ్చు. అప్పుడు లెక్క 44, దాని మీద 10, దాని మీద 50. మొత్తం 104. అంటే హద్దు దాటిపోయాం. పక్క రేకు ఊడదీయడం వల్ల పోయేది ఆ మధ్యలోని 10 మాత్రమే. స్టూడియోవాళ్ళు చేసే పనిలో శాస్త్రం ఉంది. కానీ ఆ 10ని రేకు ఊడదీయకుండానే తగ్గించవచ్చు. గాలి లోపలికి వచ్చే దారీ బయటికి పోయే దారీ సరిగా గీస్తే చాలు.

ఇంట్లో డబ్బా కూలర్ వాడేవాళ్ళకు ఈ విషయం సగం తెలిసిందే. తలుపులూ కిటికీలూ మూసి కూలర్ వేస్తే కాసేపటికి గదిలో ఉక్కపోస్తుంది. ఎదురు కిటికీ తెరిస్తేనే చల్లదనం. బయటికి దారి లేనిదే లోపలికి గాలి రాదు కాబట్టి. కంప్యూటర్ డబ్బాకు ముందు మూడు ఫ్యాన్లు పెట్టి వెనక ఇరుకు కంతలు వదిలితే జరిగేది కూడా అదే. ఫ్యాన్లు మోత పెడతాయి, గాలి కదలదు. కూలర్‌లో ఇంకో నేర్పు ఉంది. ఫ్యాను ఒక్కటే అయినా గడ్డి మాత్రం మూడు పక్కలా ఉంటుంది. గాలి అంత విశాలమైన గడ్డిలోంచి నెమ్మదిగా దూరుతుంది కాబట్టి ఫ్యానుకు భారం ఉండదు. ఒక్క పక్కనే చిన్న గడ్డి పెట్టి ఉంటే అంత గాలీ ఆ కాస్త సందులోంచే రావాలి. దుమ్ము ఆపే జాలీకి ఇదే సూత్రం. 120 మి.మీ. ఫ్యానుకు 120 మి.మీ. జాలీ చాలదు. డబ్బా ముందు ముఖమంతా జాలీ కావాలి. కూలర్ గడ్డికి ఉప్పు పేరుకుపోయినప్పుడు ఫ్యాను తిరుగుతున్నా గాలి రాదు కదా, జాలీకి దుమ్ము పట్టినా అంతే. అయితే పోలిక ఒక చోట ఆగిపోతుంది. కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. కంప్యూటర్ డబ్బా ఎంత బాగా చేసినా లోపలి గాలిని గది గాలికన్నా చల్లగా చేయలేదు. ఆ తేడాను వీలైనంత తగ్గించగలదు, అంతే.

ఎంత గాలి కావాలి? వీడియో ఎడిట్ చేసే కంప్యూటర్ ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, మిగతావి కలిపి 300 వాట్ల వేడి ఇస్తుందనుకుందాం. మన ఎండల్లో ఒక ఘనమీటరు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1100 జౌళ్ళు కావాలి. లోపలి గాలి పది డిగ్రీలకన్నా ఎక్కువ వేడెక్కకూడదంటే సెకనుకు 27 లీటర్ల గాలి మారాలి. ఐదే డిగ్రీలు చాలనుకుంటే 54 లీటర్లు. ఇక్కడ 10ని 5 చేయడానికి గాలి రెట్టింపు కావాలి. 5ను రెండున్నర చేయాలంటే మళ్ళీ రెట్టింపు. చప్పుడు పెరుగుతుంది, వచ్చేది కాస్తే. అందుకే మన డబ్బాకు ఐదు, ఆరు డిగ్రీల దగ్గర ఆగుదాం.

మామూలు 120 మి.మీ. ఫ్యాను అట్టపెట్టె మీద రాసిన లెక్క ప్రకారం సెకనుకు 25 లీటర్ల దాకా తోస్తుంది. అది ముందూ వెనకా ఏ అడ్డూ లేనప్పటి లెక్క. జాలీ, రేకు కంతలు, తీగల అల్లిక అడ్డొచ్చేసరికి సగమే మిగిలినా ఆశ్చర్యం లేదు. కాబట్టి ముందు నుంచి మూడు ఫ్యాన్లు గాలి పీల్చాలి, వెనక ఒకటి బయటికి తోయాలి. వేడి గాలి పైకి పోతుంది కదా, పైకప్పుకు కంతలు పెడితే ఫ్యాన్లే అక్కర్లేదు కదా అని చాలామంది అడుగుతారు. పొగగొట్టం సూత్రం నిజమే. కానీ 40 సెం.మీ. ఎత్తున్న డబ్బాలో, పది డిగ్రీల తేడాతో పుట్టే ఆ ఒత్తిడి ఒక ఫ్యాను పుట్టించగల ఒత్తిడిలో నూరో వంతు ఉంటుందేమో. పై కంతల వల్ల కలిగే లాభం కన్నా వాటిలోంచి రాలే దుమ్ము ఎక్కువ. తిరుమలగిరి డబ్బాకు పైకప్పు మూసే ఉంచుదాం.

దుమ్ము ఏ దారిన రావాలి

మార్కెట్ యార్డుకు వడ్లు వచ్చే రోజుల్లో, పత్తి ఏరే రోజుల్లో ఊళ్ళో దుమ్ము రకమే మారిపోతుంది. ఎర్రమట్టి పొడికి పత్తి నూగు తోడైతే రెక్కల మధ్య చాపలాగా అల్లుకుపోతుంది. ఆ చాప వేడిని బయటికి పోనివ్వదు. పక్క రేకు ఊడదీసి ఫ్యాను పెట్టడం వల్ల ఈ ఏడాది పని గడుస్తుంది కానీ, వచ్చే ఏడాదికి ఆ రెక్కలు పూడిపోయి ఉంటాయి.

దుమ్మును పూర్తిగా ఆపలేం. అది ఏ దారిన రావాలో మనం నిర్ణయించవచ్చు. బయటికి తోసే గాలికన్నా లోపలికి పీల్చే గాలి కాస్త ఎక్కువైతే, డబ్బా లోపలి ఒత్తిడి బయటికన్నా పిసరంత ఎక్కువగా ఉంటుంది. అప్పుడు అతుకుల సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, లోపలికి రాదు. దుమ్ముకు మిగిలేది ముందున్న జాలీ దారి ఒక్కటే. ముందు మూడు, వెనక ఒకటి అన్నది ఇందుకే. తిరగేసి, వెనక మూడు ఫ్యాన్లు తోస్తూ ముందు ఒకటే పీలిస్తే, ప్రతి సందూ ఒక దుమ్ము ద్వారమే. జాలీని మరమేకులు విప్పకుండా చేత్తో లాగగలిగేలా, అయస్కాంతం పట్టీతో అతికించాలి. విప్పడం కష్టమైన జాలీని ఎవరూ కడగరు. మే నెలలో వారానికోసారైనా దులపాల్సిందే.

ముందు రేకుకు కంతలు పెట్టడంలో ఒక చిన్న లెక్క చూడండి. 5 మి.మీ. గుండ్రని కంతలు, ఒకదాని నడుము నుంచి ఇంకోదాని నడుముకు 6 మి.మీ. ఎడం. వరసకు వరస సరిగ్గా కిందికి వస్తే రేకులో 54 శాతం ఖాళీ దొరుకుతుంది. ప్రతి రెండో వరసనూ సగం జరిపి, కంతల మధ్య సందులోకి వచ్చేలా వేస్తే అదే రంధ్రాలతో 63 శాతం దొరుకుతుంది. ఖర్చు పైసా పెరగదు, గాలి పెరుగుతుంది. కంతలు గుండ్రంగానే ఎందుకు, పొడవాటి చీలికలు పెట్టకూడదా? రేడియో తరంగాల విషయంలో కంత వైశాల్యం కన్నా దాని పొడవు ముఖ్యం. చీలిక ఎంత సన్నగా ఉన్నా, అది తరంగం పొడవులో సగానికి దగ్గరైతే తరంగం బయటపడుతుంది. సెకనుకు 300 కోట్లసార్లు ఊగే తరంగం పొడవు 10 సెం.మీ. అంటే 5 సెం.మీ. చీలిక దానికి తెరిచిన తలుపే. 5 మి.మీ. కంతలు వెయ్యి ఉన్నా ఇబ్బంది లేదు.

ముందువైపు నున్నటి గాజు పలక పెట్టి, పక్క సందుల్లోంచి గాలి పీల్చుకోమనే డబ్బాలు ఇప్పుడు బజారునిండా ఉన్నాయి. రంగుల దీపాలు వెలుగుతూ చూడడానికి బాగుంటాయి. ఏసీ గదిలో పెట్టుకునేవాళ్ళు పెట్టుకోవచ్చు. మన ఊళ్ళకు అవి పనికిరావు.

కూలర్ ఉన్న గదిలో కంప్యూటర్ పెట్టడం మంచిదే, పొడి ఎండల్లో గది గాలి పది డిగ్రీల దాకా తగ్గవచ్చు. కాని కూలర్ ముఖానికి ఎదురుగా పెట్టకూడదు. గాలితో కొట్టుకొచ్చే నీటి తుంపరల్లో బోరు నీటి ఉప్పు ఉంటుంది. నీరు ఆరిపోతుంది, ఉప్పు బోర్డు మీద మిగిలిపోతుంది.

రేకు, గేజు, మడత

బీరువాల షాపులో దొరికేది సీఆర్ (కోల్డ్ రోల్డ్) ఉక్కు షీటు. 20 గేజు అంటే సుమారు 0.9 మి.మీ., 22 గేజు సుమారు 0.7, 18 గేజు సుమారు 1.2. గేజు అంకె పెరిగేకొద్దీ రేకు పలచనవుతుంది. మన డబ్బా 45 సెం.మీ. ఎత్తు, 42 లోతు, 20 వెడల్పు అనుకుంటే ఆరు పక్కలూ కలిపి దాదాపు 0.73 చదరపు మీటర్లు. 1 మి.మీ. ఉక్కు రేకుతో ఐదున్నర కిలోలు దాటుతుంది. మడతలు, లోపలి పళ్ళెం కలిపితే ఎనిమిది కిలోలు.

అల్యూమినియం అయితే చల్లగా ఉంటుందంటారు కదా? అల్యూమినియం ఉక్కుకన్నా నాలుగు రెట్లు బాగా వేడిని పారిస్తుంది, నిజమే. కానీ మన డబ్బాలో వేడి రేకు గుండా పోవడం లేదు. గాలితో పోతోంది. చిప్పుకూ పక్క రేకుకూ మధ్య లోహపు వంతెన ఏదైనా వేసి ఉంటే తప్ప రేకు ఏ లోహమన్నది వేడి విషయంలో పెద్ద తేడా తేదు. అల్యూమినియం లాభం బరువులో. అది వంగడంలో ఉక్కుకన్నా మూడు రెట్లు మెత్తన. కానీ రేకు గట్టిదనం మందానికి ఘనంగా పెరుగుతుంది, మందం రెట్టింపైతే గట్టిదనం ఎనిమిది రెట్లు. కాబట్టి ఒకటిన్నర మి.మీ. అల్యూమినియం 1 మి.మీ. ఉక్కుతో సమానంగా నిలుస్తుంది, బరువు మాత్రం సగమే. దాన్ని వెల్డింగ్ చేయడానికి వేరే మిషను, వేరే చేయి కావాలి. మన ఊరి షాపులో చేయించాలంటే ఉక్కే నయం.

రేకును మందం పెంచకుండా గట్టిచేసే మార్గం మడత. బల్లపరుపుగా ఉన్న పెద్ద రేకు ఫ్యాను తిరుగుతుంటే అదిరి గుయ్యిమంటుంది. అంచును ఒక సెంటీమీటరు మడిస్తే ఆ అదురు ఆగుతుంది. బీరువా తలుపు ఎలా మడుస్తారో ఎప్పుడైనా నిలబడి చూడండి, ఆ మనిషికి ఈ సూత్రం చేతుల్లో ఉంది.

మడత దగ్గరే కొత్తగా గీసేవాళ్ళు దెబ్బతింటారు. 1 మి.మీ. రేకును ఎల్ ఆకారంలో వంచాలి, బయటి కొలతలు 100, 50 మి.మీ. రావాలి. ఎంత రేకు కోయాలి? 150 అని అందరూ అంటారు. కోయాల్సింది 148 మి.మీ. పైన కాస్త. రేకు వంగినప్పుడు బయటి పొర సాగుతుంది, లోపలి పొర నలుగుతుంది. రెండింటి మధ్య సాగకుండా నలగకుండా ఉండే ఒక పొర ఉంటుంది. దాన్ని మధ్యస్థ పొర అందాం. అది సరిగ్గా నడిమధ్యలో కాకుండా కాస్త లోపలివైపుకు జరిగి ఉంటుంది. లోపలి వంపు వ్యాసార్ధం 1 మి.మీ. అయితే, మూల చుట్టూ ఆ పొర పొడవు 2.2 మి.మీ. మూల గుండ్రంగా తిరగకుండా చదరంగా పోయి ఉంటే 4 పట్టేది. తేడా 1.8 మి.మీ. ఒక్క మడతకు ఇంత. నాలుగు మడతల డబ్బాలో ఏడు మి.మీ. తేడా వస్తే బోర్డు కూర్చోదు. ఎందుకంటే బోర్డు మరమేకు కంతలకు సగం మి.మీ. కూడా సడలింపు ఉండదు. ఈ తరుగు రేకును బట్టి, మిషను దవడను బట్టి మారుతుంది. అందుకే ముందు అదే రేకు ముక్కను అదే మిషను మీద వంచి, కొలిచి, ఆ షాపు తరుగెంతో రాసుకోవాలి. పుస్తకంలో అంకె కన్నా అదే నమ్మదగింది. దవడ వదలగానే రేకు ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి లేస్తుంది. 90 కావాలంటే 91, 92 దాకా వంచాలి.

గీతకు ముందు కదలని కొలతలు వేసుకోవాలి. ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మి.మీ. వెనక సాకెట్ల కంత 158.75 × 44.45. కార్డుల మధ్య ఎడం 20.32. అది 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో పెట్టిన ఎడమే, ఇప్పటికీ అంతే. కరెంటు సప్లై డబ్బా ముఖం 150 × 86. 120 మి.మీ. ఫ్యాను మరమేకుల మధ్య 105. ఈ కొలతలను అసలు సైజులోనే అట్ట మీద గీసి, అట్టతోనే డబ్బా మడిచి, పాత బోర్డు ఒకటి లోపల పెట్టి చూస్తే సగం తప్పులు అక్కడే దొరికిపోతాయి. కంప్యూటర్‌లో గీయదలిస్తే ఫ్రీక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో రేకు మడతల తరుగును లెక్కకట్టే పరికరం కూడా దొరుకుతుంది.

కంతలన్నీ రేకు పరుపుగా ఉన్నప్పుడే పెట్టాలి, తర్వాతే మడవాలి. మడత గీతకు మరీ దగ్గరగా కంత ఉంటే అది సాగి గుడ్డు ఆకారమవుతుంది. మందానికి కనీసం మూడు రెట్లు దూరం ఉంచాలి. ఏ మడత ముందు, ఏది వెనక అన్నది కూడా ముందే ఆలోచించాలి. నాలుగు పక్కలా మడిచాక డబ్బా మిషను దవడలోంచి బయటికి రాకపోవచ్చు. జాలీ కంతలు, వెనక సాకెట్ల కంత చేతి డ్రిల్లుతో అంత శుభ్రంగా రావు. వాటికి లేజర్ కోత కావాలి, అందుకు హైదరాబాద్ పోక తప్పదు. 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వెలిసిన బాలానగర్‌లో, చర్లపల్లిలో రేకు పని చేసే యూనిట్లు బోలెడు. లేజర్ కోసిన పరుపు రేకులు తెచ్చి, మడత, స్పాట్ వెల్డింగ్ ఊళ్ళో చేయించుకోవచ్చు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ సామాను బజారు సీటీసీలో బోర్డు కింద పెట్టే ఇత్తడి కాళ్ళు దొరుకుతాయి. వాటి మర అమెరికా అంగుళాల కొలతది, దాన్ని 6-32 అంటారు. మన షాపులో ఉండే మి.మీ. మరకు అది ఎక్కదు. బలవంతంగా తిప్పితే మర చెడుతుంది. కాళ్ళతోపాటు ఆ మర వేసే ట్యాపు కూడా కొనాలి.

ముట్టుకుంటే జుమ్మంటుందేం?

ఇక రాతి నేల సంగతి. కంప్యూటర్ డబ్బాను చెప్పుల్లేకుండా ముట్టుకుంటే చాలా ఇళ్ళల్లో వేళ్ళు జుమ్మంటాయి. టెస్టరు పెడితే వెలుగుతుంది. "ఏం కాదు, కంప్యూటర్లకు అది మామూలే" అనేస్తారు. ఆ మాటలో సగమే నిజం.

కరెంటు సప్లై లోపల, రేడియో అల్లరిని అణచడానికి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజు నుంచి డబ్బాకు, రెండోది న్యూట్రల్ నుంచి డబ్బాకు. డబ్బా ఆ రెండింటి నడుమ వేలాడుతుంది. ఎర్తు ఉంటే ఆ కాస్త కరెంటూ భూమిలోకి పోతుంది. ఎర్తు లేకపోతే డబ్బా 230 వోల్టుల్లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర నిలబడుతుంది. అందులోంచి పారగలిగింది మిల్లీ ఆంపియరులో కొంత భాగమే. జుమ్మంటుంది, చంపదు. ఇంతవరకు "మామూలే" అన్న మాట నిజం. కానీ తీగ తొడుగు చెడి ఫేజు నేరుగా రేకుకు తగిలినా టెస్టరు వెలిగేది అలాగే. అప్పుడు ముట్టుకున్నవాళ్ళు బతకకపోవచ్చు. ఎర్తు లేని డబ్బా మీద ఈ రెండింటికీ తేడా బయటికి కనబడదు.

తడి బంకమట్టితో పోలిస్తే ఎండిన నల్లరాయి కరెంటు పారడానికి వందల రెట్లు ఎక్కువ అడ్డు. అందుకే మన దగ్గర ఎర్తు గుంతలో బొగ్గు, ఉప్పు వేసి, ఎండాకాలం నీళ్ళు పోయమంటారు. పోయకపోతే ఏమవుతుందో లెక్కగట్టి చూద్దాం. ఎండిన గుంత అడ్డు 30 ఓంలు అనుకుందాం. ఫేజు డబ్బాకు తగిలితే భూమిలోకి పారేది 230ని 30తో భాగించినంత, అంటే ఏడున్నర ఆంపియర్లు దాటి. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు వాడకమే, పడిపోదు. డబ్బా మీద కరెంటు అలాగే నిలిచి ఉంటుంది. ఎర్తు తీగ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నవాళ్ళకే ప్రమాదం. పోయే కరెంటుకూ తిరిగొచ్చే కరెంటుకూ మధ్య 30 మిల్లీ ఆంపియర్ల తేడా రాగానే పడిపోయే ఆర్‌సీసీబీ ఈ పరిస్థితిలో కాపాడుతుంది. రాతి నేల మీది ఇంట్లో లోహపు డబ్బా చేయించేవాళ్ళు ముందుగా ఖర్చు పెట్టాల్సింది దీని మీద. లేజర్ కోతను వచ్చే నెలకు వాయిదా వేసుకున్నా ఫరవాలేదు.

డబ్బా గీతలో కూడా దీనికి చోటుండాలి. పౌడర్ కోటింగ్ ఓవెన్‌లో 180, 200 డిగ్రీల దగ్గర కరిగి గట్టిపడే ప్లాస్టిక్ పొర. అది కరెంటును పారనివ్వదు. అన్ని ముక్కలకూ అందంగా రంగు వేయించి బిగిస్తే, ఏ రేకుకు ఆ రేకు వేరైపోయి ఒక్కటి కూడా ఎర్తుకు అందకుండా పోవచ్చు. కరెంటు సప్లై కూర్చునే చోటు, బోర్డు కాళ్ళ కింది చోటు, పక్క రేకులు ఆనే అంచులు రంగు పడకుండా టేపు వేయించాలి. మర వేసిన కంతలకు కూడా వేయించాలి, ఆ పొర మరల్లోకి దిగితే మేకు ఎక్కదు. కనీసం ఒక మేకు కింద పళ్ళ వాషరు పెడితే అది రంగును కోసుకుని లోహాన్ని పట్టుకుంటుంది. పక్క రేకుకు పచ్చ తీగ ఒకటి లోపలి నుంచి కలిపితే ఇంకా నిశ్చింత.

డబ్బా చేతికి వచ్చాక కరెంటు సప్లై ఒక్కటి బిగించి, బోర్డు బిగించకముందే మల్టీమీటరు తీసుకోండి. కరెంటు తీగ ప్లగ్గును సాకెట్లో పెట్టకుండా, మీటరు పుల్లను ఒకటి దాని పెద్ద పిన్ను మీద, రెండోదాన్ని డబ్బా మీది ప్రతి రేకు మరమేకు మీదా పెట్టి చూడాలి. మీటరు తీగల సొంత అడ్డు తీసేస్తే 0.1 ఓం దగ్గర చూపించాలి. ఏ రేకు దగ్గరైనా అంకె ఎగిరితే అక్కడ రంగు గీకాలి. తర్వాత బోర్డు బిగించి, ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం రెండు గంటలకు వీడియో పని అప్పగించి, అరగంట ఆగి, ముందు జాలీ దగ్గర ఒక థర్మామీటరు, వెనక ఫ్యాను దగ్గర ఒకటి పెట్టండి. తేడా ఆరు డిగ్రీల లోపు ఉంటే గాలి లెక్క కుదిరినట్టే. పది దాటితే ముందుగా జాలీ తీసి చూడండి. జాలీ తీయగానే తేడా తగ్గితే దాని వైశాల్యం చాలలేదన్నమాట. తగ్గకపోతే వెనక వైపు కంతలు పెంచాలి.